హద్దు రాయి కంటే ముందే ఉన్న ఊరు

అమెరికా దేశపటంలో అన్నిటికంటే ఉత్తరాన, అలాస్కా రాష్ట్రం కొసన, ఆర్కిటిక్ సముద్రం ఒడ్డున ఒక ఊరుంది. పాత పటాల్లో దాని పేరు బారో. ఊరివాళ్లు 2016లో ఓట్లు వేసుకుని తమ పాత పేరును తిరిగి తెచ్చుకున్నారు. ఇప్పుడది ఉత్కియాగ్విక్. జనాభా దాదాపు ఐదు వేలు. వాళ్లలో ఎక్కువమంది ఇన్యుపియట్ అనే ఆదివాసులు. అక్కడ చెట్టు మొలవదు, పంట పండదు. తిమింగలం, సీలు, కారిబూ అనే మంచునేల జింక, చేప, బాతు వాళ్ల తిండి. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా సూర్యుడు అస్తమించడు. నవంబరు మూడో వారం నుంచి జనవరి మూడో వారం దాకా ఉదయించడు.

ఇంత దూరపు ఊరి చరిత్ర మనకెందుకని మన యువకులు అడగవచ్చు. ఆ ఊరి చుట్టూ ఉన్న నేలను ప్రభుత్వం వందేళ్లలో ఎన్నోసార్లు గీతలు గీసి పంచింది. చమురు కోసం ఒక గీత, సైన్యం కోసం ఒక గీత, పరిశోధన కోసం ఒక గీత, చివరికి ఆదివాసులకు ఇచ్చే భూమికీ ఒక గీత. సర్వే, రిజర్వు, హద్దు, పట్టా అనే మాటలు మన గూడేల్లో పసిపిల్లలకు కూడా తెలుసు. ఆ మాటలు మరో ఆదివాసీ జాతి బతుకులో ఏం చేశాయో, వాటిని ఆ జాతి ఎలా ఎదుర్కొన్నదో తెలుసుకుంటే మన చరిత్ర కూడా మనకు ఇంకాస్త స్పష్టంగా కనబడుతుందని మా నమ్మకం.

గీతలు లేని రోజులు

ఉత్కియాగ్విక్ పక్కన పిగ్నిక్ అనే చోటు ఉంది. వసంతంలో బాతులు గుంపులు గుంపులుగా దాని మీదుగా ఎగిరిపోతాయి. ఊరివాళ్లు ఇప్పటికీ అక్కడ వేట గుడిసెలు వేసుకుంటారు. ఆ దాపులనే పాత మట్టి ఇళ్ల దిబ్బలు ఉన్నాయి. అవి వెయ్యేళ్లకు పైబడినవని పురావస్తు శాస్త్రవేత్తలు తేల్చారు. అంటే అమెరికా అనే దేశం పుట్టకముందే, ఆ పేరుతో ఏ పటమూ గీయకముందే అక్కడ మనుషులు ఇళ్లు కట్టుకుని, తిమింగలాలు వేటాడి, పంచుకుని తిన్నారు.

వాళ్లకు హద్దులు తెలియవని అనుకోకూడదు. ఏ కుటుంబం ఏ వాగు దగ్గర చేపలు పడుతుందో, కారిబూ మందలు ఏ దారిన వస్తాయో, మాంసం దాచే మంచు గాదె ఎవరిదో, పెద్దల సమాధులు ఎక్కడున్నాయో అందరికీ తెలుసు. ఆ హద్దులు పేర్లలో ఉండేవి. ఊరి పేరే చూడండి. దుంపలు ఏరుకునే చోటు అని ఉత్కియాగ్విక్ అనే మాటకు అర్థం చెబుతారు. అదే ప్రాంతానికి ఉన్న మరో పేరు ఉక్పియాగ్విక్. తెల్ల గుడ్లగూబలను వేటాడే చోటు అని దాని అర్థం. మన దగ్గర కూడా వాగుకూ గుట్టకూ ఉన్న పేర్లు వింటే అక్కడ ఏం దొరుకుతుందో, ఏ దేవర ఉన్నాడో తెలిసిపోతుంది.

1826లో బీచీ అనే బ్రిటిష్ నౌకాధికారి పంపిన పడవ ఆ కొసను చేరింది. లండన్‌లో నౌకాశాఖ అధికారి అయిన జాన్ బారో పేరును బీచీ దానికి పెట్టాడు. ఆ బారో ఆ ఊరిని ఎన్నడూ చూడలేదు. అయినా పటం మీద అతని పేరు ఎక్కింది, అక్కడ పుట్టి పెరిగినవాళ్ల మాట ఎక్కలేదు. 1867లో రష్యా అలాస్కాను 72 లక్షల డాలర్లకు అమెరికాకు అమ్మేసింది. అమ్మినవాళ్లూ కొన్నవాళ్లూ ఇన్యుపియట్ జనాన్ని ఒక్క మాట అడగలేదు. ఆ ఒప్పందంలో ఆదివాసులను అనాగరిక తెగలని రాసి, వాళ్ల విషయంలో అమెరికా ఎప్పటికప్పుడు చేసే చట్టాలు వర్తిస్తాయని ముగించారు.

పరిశోధకులు కూడా చాలా ముందే వచ్చారు. మొదటి అంతర్జాతీయ ధ్రువ సంవత్సరం సందర్భంగా 1881 నుంచి 1883 దాకా రే అనే సైనికాధికారి నాయకత్వంలో అక్కడ ఒక కేంద్రం నడిచింది. గాలి, చలి, అయస్కాంత శక్తి కొలతలు రోజూ రాసుకున్నారు. మన వైపు మద్రాసు అటవీ చట్టం వచ్చింది కూడా 1882లోనే. ఆ రోజుల్లో లోకమంతటా ప్రభుత్వాలు ఇంతవరకు కొలవని నేలల్ని కొలవడానికి బయల్దేరాయి.

కాగితం మీద పడిన మొదటి పెద్ద గీత

మన మన్యంలో అల్లూరి సీతారామరాజు పితూరీ నడుస్తున్న కాలంలో, 1923 ఫిబ్రవరిలో, అమెరికా అధ్యక్షుడు హార్డింగ్ ఒక ఉత్తర్వు మీద సంతకం చేశాడు. నౌకాదళానికి చమురు కావాలి కాబట్టి ఉత్తర అలాస్కాలో పెద్ద భాగాన్ని నాలుగో నంబరు నౌకాదళ చమురు రిజర్వుగా ప్రకటించాడు. అది సుమారు 2.3 కోట్ల ఎకరాలు. ఉత్తరాన సముద్రతీరం, తూర్పున కోల్విల్ నది, దక్షిణాన బ్రూక్స్ పర్వతాలు, పడమట ఐసీ కేప్ అనే కొస వైపు హద్దు. ఒక్క గొలుసు లాగకుండా, ఒక్క రాయి పాతకుండా ఇంత నేలకు హద్దు రాసేశారు. ఉత్కియాగ్విక్ ఊరూ దాని వేట నేలలూ మొత్తం ఆ గీత లోపలే పడ్డాయి.

ఈ గీత వల్ల మరుసటి రోజు ఎవరి ఇల్లూ కూలలేదు. ఎవరూ వచ్చి పొమ్మనలేదు. అందుకే దాని బరువు చాలాకాలం తెలియలేదు. అలాస్కా ఆదివాసులు ఒక్కొక్కరు 160 ఎకరాల దాకా తమ పేర రాయించుకోవచ్చని 1906లోనే ఒక చట్టం ఉంది. అయితే ప్రభుత్వం ఏదో పనికి కేటాయించుకున్న భూమిలో ఆ హక్కు నడవదు. తాత కాలం నుంచి చేపలు పట్టే చోటును నా పేర రాయండని ఒక ఇన్యుపియట్ మనిషి తర్వాతెప్పుడో అర్జీ పెట్టుకుంటే, ఆ నేల 1923 నుంచి రిజర్వులో ఉందనే జవాబు సిద్ధంగా ఉండేది. రిజర్వు అడవి గీత లోపల ఇరుక్కున్న గూడేల సంగతి తెలిసినవాళ్లకు ఈ మాట వింతగా ఉండదు. మన ఆదిలాబాద్ అడవుల్లో కొమురం భీం 1940లో ప్రాణమిచ్చింది కూడా ఇలాంటి గీత గురించే.

ప్రయోగశాల వచ్చింది

రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944లో, నౌకాదళం బారో దగ్గర దిగి చమురు వెతకడం మొదలుపెట్టింది. ఆ శిబిరంలోనే 1947లో ఆర్కిటిక్ పరిశోధన ప్రయోగశాల వెలిసింది. ఊరికి ఈశాన్యంగా కొన్ని మైళ్ల దూరంలో, పిగ్నిక్ పక్కనే. జంతువులు చలిని ఎలా తట్టుకుంటాయి, గడ్డకట్టిన నేల ఎలా పనిచేస్తుంది, సముద్రపు మంచు ఎలా కదులుతుంది అని వందలమంది శాస్త్రవేత్తలు వచ్చి చదివారు. 1957 నాటికి శత్రు విమానాలను కనిపెట్టే రాడార్ కేంద్రం, 1973లో గాలిలో బొగ్గుపులుసు వాయువును కొలిచే ప్రభుత్వ కేంద్రం ఆ పక్కనే వచ్చాయి. వీటిలో ప్రతిదానికీ తన వంతు నేల, తన హద్దు ఉన్నాయి.

శాస్త్రవేత్తలను మంచు మీద నడిపించింది, దారి చూపింది, పడవలూ బండ్లూ బాగుచేసింది, జంతువులను పట్టి పెంచింది ఇన్యుపియట్ పనివాళ్లు. కెన్నెత్ టూవాక్, హ్యారీ బ్రోవర్ వంటివాళ్లు అక్కడ ఏళ్ల తరబడి పనిచేశారు. ఏ మంచు బరువు మోస్తుందో, ఏది విరుగుతుందో వాళ్ల నుంచే బయటివాళ్లు నేర్చుకున్నారు. అయితే నేల ఎవరిదని కాగితం చూస్తే మాత్రం వాళ్ల పేర్లు ఎక్కడా ఉండవు.

ఒక ఉదాహరణ చెబుతాం. 1949లో నౌకాదళానికి ఊరి దగ్గర సహజవాయువు దొరికింది. శిబిరం, ప్రయోగశాల ఆ వాయువుతో వెచ్చగా ఉండేవి. ఊరివాళ్లు మాత్రం కొట్టుకొచ్చిన కట్టెలు, డబ్బాల్లో వచ్చే నూనె కాల్చుకుంటూ చలికాలాలు గడిపారు. గొట్టం ఊరి పక్కనే ఉన్నా, వాయువు ప్రభుత్వ రిజర్వుది కాబట్టి అమ్మడానికి చట్టం కావాలన్నారు. ఆ అనుమతి 1960ల మధ్యలో గాని రాలేదు. చివరికి 1984లో చట్టం ద్వారా ఆ వాయు క్షేత్రాలు స్థానిక ప్రభుత్వం చేతికి వచ్చాయి.

1961లో రెండు సంగతులు ఊరిని కదిలించాయి. మొదటిది బాతుల సంగతి. 1916 నాటి ఒక అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం మార్చి నుంచి సెప్టెంబరు దాకా బాతులను వేటాడకూడదు. సెప్టెంబరు వచ్చేసరికి ఆ ఉత్తర కొసన బాతులే ఉండవు. నేల మీద గీత గీసినట్లే క్యాలెండరు మీద కూడా దూరాన కూర్చుని గీత గీశారన్నమాట. ఆ మే నెలలో అధికారులు కొందరిని పట్టుకుంటే, 138 మంది తలా ఒక బాతును చేతపట్టుకుని వచ్చి, మమ్మల్నీ పట్టుకోండని నిలబడ్డారు. కేసులు నిలవలేదు.

రెండోది అణుబాంబుల సంగతి. పడమటి తీరాన కేప్ థామ్సన్ దగ్గర అణుబాంబులు పేల్చి ఓడరేవు తవ్వాలని అమెరికా అణుశక్తి సంఘం 1958లో తలపెట్టింది. దానికి ప్రాజెక్ట్ చారియట్ అని పేరు. సుమారు 30 మైళ్ల దూరంలో పాయింట్ హోప్ అనే ఇన్యుపియట్ ఊరుంది. ఆ ఊరి పంచాయతీ 1959లో ఒప్పుకోమని తీర్మానించింది, 1961లో అధ్యక్షుడు కెన్నెడీకి ఉత్తరం రాసింది. ప్రాజెక్టు కోసం పంపిన శాస్త్రవేత్తల్లోనే కొందరు, నాచులో చేరే అణుధూళి కారిబూ మాంసం ద్వారా మనుషుల్లోకి వస్తుందని తేల్చి హెచ్చరించారు. ఆ సంవత్సరం నవంబరులో ఊళ్ల ప్రతినిధులు బారోలో సమావేశమయ్యారు. 1962లో పథకం ఆగిపోయింది. అదే ఏడు పాయింట్ హోప్‌లో పుట్టిన హోవర్డ్ రాక్ సంపాదకుడిగా టుండ్రా టైమ్స్ అనే పత్రిక మొదలైంది. ఊళ్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం అక్కడ్నుంచి బలపడింది.

మంచు నేలను ఎలా కొలుస్తారు?

ఇక్కడ కాస్త ఆగి సర్వే పద్ధతి చెప్పుకోవాలి. లెక్కల ఉపాధ్యాయులకు ఇది పాఠంగా కూడా పనికొస్తుంది.

అమెరికా ప్రభుత్వ భూములను గళ్లుగా విడగొట్టి కొలుస్తారు. ఆరు మైళ్ల పొడవు, ఆరు మైళ్ల వెడల్పు ఉన్న గడి ఒక టౌన్‌షిప్. అందులో ఒక్కో చదరపు మైలు చొప్పున 36 సెక్షన్లు. సెక్షన్‌కు 640 ఎకరాలు, టౌన్‌షిప్‌కు 23,040 ఎకరాలు. పాత కాలంలో 66 అడుగుల గొలుసుతో కొలిచేవాళ్లు. 80 గొలుసులు ఒక మైలు, 10 చదరపు గొలుసులు ఒక ఎకరం. ఆంగ్లేయులు మన దేశానికి తెచ్చిందీ ఆ గొలుసే. మనం గుంట అనేది 33 అడుగులకు 33 అడుగులు. అంటే అర గొలుసుకు అర గొలుసు. 40 గుంటలు ఎకరం. ఆర్కిటిక్ ఒడ్డునా, మన చేల గట్లమీదా భూమిని తెగ్గోసింది ఒకే గొలుసు.

ఉత్తర అలాస్కాలో గళ్ల లెక్కంతా కోల్విల్ నది ఒడ్డున ఉన్న ఉమియాట్ అనే చోటి పేరు పెట్టిన మధ్యరేఖ నుంచి సాగుతుంది. అయితే భూమి గుండ్రం కాబట్టి ఉత్తరానికి పోయే గీతలు దగ్గరవుతూ పోతాయి. హైదరాబాద్ దగ్గర ఒక డిగ్రీ రేఖాంశం వెడల్పు సుమారు 106 కిలోమీటర్లు. ఉత్కియాగ్విక్ దగ్గర అది సుమారు 36 కిలోమీటర్లే. అక్కడ గీసిన ఒక్క టౌన్‌షిప్ గడిలో కింది అంచు కంటే పై అంచు దాదాపు 140 అడుగులు తగ్గుతుంది. మన దగ్గర అదే గడి గీస్తే తేడా 20 అడుగులు కూడా ఉండదు. చదునైన కాగితం మీద చతురస్రంలా కనిపించేది నేల మీద చతురస్రం కాదని పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఇబ్బందులు ఇంకా ఉన్నాయి. ధ్రువానికి దగ్గర కాబట్టి దిక్సూచి ముల్లును నమ్మలేరు. వేసవిలో రాత్రే ఉండదు కాబట్టి ధ్రువ నక్షత్రం కనబడదు. సూర్యుణ్ని చూసి దిక్కు లెక్కగట్టాలి. నేల లోపల ఎప్పుడూ గడ్డకట్టే ఉంటుంది. పైన అడుగో అడుగున్నరో మాత్రం వేసవిలో కరిగి, చలికాలంలో మళ్లీ గడ్డకడుతుంది. గడ్డకట్టినప్పుడల్లా పాతిన కమ్మీని కాస్త కాస్త పైకి నెడుతుంది. లోతుగా దిగ్గొట్టకపోతే కొన్నేళ్లకు హద్దు గుర్తు తనంతట తానే పైకి లేచి పక్కకు ఒరుగుతుంది. ఇక చెరువులైతే లెక్కకు అందవు. మంచు కరిగి ఏర్పడిన ఆ చెరువులు ఒడ్డును తింటూ పెరుగుతాయి, ఒక్కోసారి గండిపడి ఎండిపోతాయి. సముద్రం కూడా తీరాన్ని కోస్తూనే ఉంది. నీళ్లే హద్దు అయిన చోట నీళ్లతో పాటు హద్దూ కదులుతుంది.

ఆ కమ్మీల తలమీద ఇత్తడి బిళ్ల బిగించి అంకెలు చెక్కుతారు. ప్రభుత్వ సర్వే బిళ్లల్లో కొన్నిటి మీద, దీన్ని కదిపితే 250 డాలర్ల జరిమానా అని కూడా రాసి ఉండేది. పాతింది కదిలితే నేరం. వెయ్యేళ్ల నాటి ఇంటి దిబ్బను కదిపితే మాత్రం చాలాకాలం అడిగేవాడు లేడు.

అడిగి తెచ్చుకున్న భూమి

1959లో అలాస్కా రాష్ట్రమైంది. సుమారు 10.4 కోట్ల ఎకరాలు తనకు కావలసిన చోట ఎంచుకునే హక్కు కొత్త రాష్ట్రానికి దక్కింది. ఆదివాసుల వేట నేలల మీద రాష్ట్రం గుర్తులు పెట్టుకోవడం మొదలైంది. ఉత్తర తీరపు ఇన్యుపియట్ జనం ఆర్కిటిక్ స్లోప్ నేటివ్ అసోసియేషన్‌గా ఏర్పడి, 5.8 కోట్ల ఎకరాలు మావని దావా పెట్టారు. భూమి ఎవరిదో తేలేదాకా పంపకాలు ఆపుతున్నామని కేంద్ర మంత్రి స్టూవర్ట్ యుడాల్ 1966లో ప్రకటించాడు. 1968లో ప్రూడో బేలో భారీ చమురు నిల్వ బయటపడింది. గొట్టం వేయాలంటే భూమి తగాదా తీరాలి. అందుకే ప్రభుత్వం తొందరపడింది.

1971 డిసెంబరు 18న అలాస్కా ఆదివాసుల దావా పరిష్కార చట్టం వచ్చింది. మొత్తం 4.4 కోట్ల ఎకరాలు, 96.25 కోట్ల డాలర్లు ఇచ్చారు. మిగిలిన నేలంతటి మీద వాళ్ల ఆదిమ హక్కును, వేట, చేపల హక్కుతో సహా, రద్దు చేశారు. ఇచ్చిన భూమిని కూడా తెగలకు ఇవ్వలేదు. ఊరికో కంపెనీ, ప్రాంతానికో కంపెనీ పెట్టించి, ఆదివాసులను వాటాదారులుగా చేశారు. ఆ తేదీ తర్వాత పుట్టిన పిల్లలకు మొదట్లో వాటా లేదు. ఆదివాసీ సమాఖ్యలో ఓటింగు జరిగినప్పుడు ఉత్తర తీరం ప్రతినిధులు దీనికి వ్యతిరేకంగా ఓటేశారు. అయినా చట్టం నిలిచింది.

చట్టంలో కొలత ఎలా ఉందో చూడండి. 600 మందికి పైబడిన ఊరికి 1,61,280 ఎకరాలు. అంటే సరిగ్గా ఏడు టౌన్‌షిప్‌లు. మూడేళ్లలో ఎంచుకోవాలి. ఎంపిక పూర్తి సెక్షన్లలో ఉండాలి, ఒకదానికొకటి ఆనుకుని ఉండాలి. కారిబూ సెక్షన్ల ప్రకారం నడవదు, చేప టౌన్‌షిప్ చూసి ఈదదు. వందల మైళ్ల మేర తిరిగి బతికిన జనం తమ బతుకును ఏడు గళ్లలో సర్దుకోవలసి వచ్చింది. ఊరి కంపెనీ పేరు ఉక్పియాగ్విక్ ఇన్యుపియట్ కార్పొరేషన్. దానికి దక్కింది నేల పైభాగమే. ఊరు చమురు రిజర్వులో ఉంది కాబట్టి అడుగున ఉన్న చమురు, ఖనిజాలు ప్రభుత్వం దగ్గరే ఉంచుకుంది. 1923 నాటి గీత 1971లోనూ పనిచేసింది.

హద్దులను వరుసగా రెండేసి మైళ్లకు ఒక గుర్తు పాతి సర్వే చేయాలని చట్టం చెప్పింది. ఆ సర్వే పూర్తయ్యేదాకా తాత్కాలిక అప్పగింత పత్రం, పూర్తయ్యాక పక్కా పట్టా. అంత విశాలమైన నేలలో ఈ పని దశాబ్దాలు సాగింది.

పెద్దల మాటే సాక్ష్యం

ఇన్యుపియట్ నాయకులు అక్కడితో ఆగలేదు. 1972లో నార్త్ స్లోప్ బరో అనే స్థానిక ప్రభుత్వాన్ని ఏర్పరచుకున్నారు. ఎబెన్ హాప్సన్ దాని మొదటి మేయరు. చమురు బావుల మీద పన్ను వేసి ఊళ్లలో బడులు కట్టారు. ఇంకో ముఖ్యమైన పని కూడా చేశారు. పెద్దలను కూర్చోబెట్టి, పాత మకాములు, మట్టి ఇళ్ల దిబ్బలు, సమాధులు, చేపల రేవులు, మంచు గాదెలు ఎక్కడెక్కడ ఉన్నాయో, ఏ పేరుతో పిలుస్తారో, ఎవరు వాడేవాళ్లో అడిగి ఒక జాబితా తయారుచేశారు. సంప్రదాయ భూ వినియోగ జాబితా అని దాన్ని పిలిచారు. ఆ తర్వాత ఏ కంపెనీ దారి వేయబోయినా, బావి తవ్వబోయినా, ఇక్కడ ఏమీ లేదనే మాట చెల్లలేదు. జాబితా తెరిచి చూపించేవాళ్లు.

160 ఎకరాల అర్జీల్లోనూ పెద్దల మాట అక్కరకొచ్చింది. ఇక్కడ మా కుటుంబం ఏ సంవత్సరం నుంచి మకాం వేస్తోంది, ఏ కాలంలో ఏం వేటాడుతుంది అని అర్జీదారు రాసివ్వాలి. సాక్షులు అవునని చెప్పాలి. 1971 చట్టంతో 1906 చట్టం రద్దయినా, అప్పటికే పెట్టిన అర్జీలు బతికే ఉన్నాయి. 1980లో వచ్చిన మరో చట్టం అలాంటి అర్జీలను చాలావరకు ఆమోదించింది. నౌకాదళ చమురు రిజర్వులోపలి నేలలకూ ఇది వర్తిస్తుందని అందులో పేరు పెట్టి రాశారు. యాభై ఏడేళ్ల నాటి గీతకు అలా ఒక కంత పడింది. సకాలంలో అర్జీ పెట్టినవాళ్లకే అది దక్కింది.

శాస్త్రం విషయంలోనూ ఇలాంటిదే జరిగింది. 1977లో బోహెడ్ తిమింగలాలు రెండు వేలలోపే ఉన్నాయని లెక్కగట్టి, అంతర్జాతీయ కమిషన్ వేటను నిషేధించింది. లెక్క తప్పు, అవి మంచు కింద నుంచీ పోతాయి, మీకు కనబడవని వేటగాళ్లు చెప్పారు. హ్యారీ బ్రోవర్ చెప్పిన మాటలను శ్రద్ధగా విన్న టామ్ ఆల్బర్ట్ అనే శాస్త్రవేత్త నీటి అడుగున శబ్దం వినే పరికరాలతో లెక్క పెట్టించాడు. వేటగాళ్ల మాట నిజమైంది. మంచు కింద నుంచి పోయేవాటిని కూడా కలిపేసరికి అంచనా పెరిగింది. ఏటా మంద కూడా వృద్ధి అవుతూ 2001 నాటికి సంఖ్య పది వేలు దాటింది.

తమ గీత తామే గీసుకున్నారు

1980 ప్రాంతంలో నౌకాదళం ప్రయోగశాలను వదిలేసింది. ఆ తర్వాత భవనాలూ నేలా ఊరి కంపెనీకి దక్కాయి. ఇవాళ ఆ భవనంలో ఇలిసాగ్విక్ అనే ఆదివాసీ కళాశాల నడుస్తోంది. ఒకప్పుడు శాస్త్రవేత్తల పెట్టెలు మోసినవాళ్ల మనవలు అదే గదుల్లో చదువుకుంటున్నారు.

1992లో ఊరి కంపెనీ మరో అడుగు వేసింది. తన భూమిలో 7,466 ఎకరాలను పరిశోధన కోసమే కేటాయించింది. దాని పేరు బారో పర్యావరణ పరిశోధన క్షేత్రం. స్థానిక ప్రభుత్వం దాన్ని శాస్త్ర పరిశోధన మండలంగా ప్రకటించింది. గడ్డకట్టిన నేల కరిగితే గాలిలోకి ఎంత వాయువు పోతుంది, భూమి ఎంత వేడెక్కుతోంది అనే ప్రశ్నలకు ప్రపంచం నలుమూలల నుంచి వచ్చినవాళ్లు అక్కడ జవాబులు వెతుకుతున్నారు. పక్కనే ప్రభుత్వ కేంద్రాల హద్దులు ఇప్పటికీ ఉన్నాయి. అయితే ఈ క్షేత్రంలో అడుగుపెట్టాలంటే ఊరి కంపెనీ దగ్గర అనుమతి తీసుకోవాలి. 1947లో ఎవరినీ అడగకుండా వచ్చిన పరిశోధన, 1992 నుంచి అడిగి రావలసి వచ్చింది. హద్దు గీసే చేయి మారడం అంటే ఇదే.

దీన్ని పూర్తి విజయమని మేము చెప్పబోము. పోయిన భూమి పోయింది, రద్దయిన హక్కు రద్దయింది. కంపెనీ వాటాలుగా మారిన భూమి గురించి వాళ్లలో వాళ్లకే ఇప్పటికీ వాదనలున్నాయి. అయినా ఒక సంగతి మాత్రం స్థిరంగా చెప్పవచ్చు. సర్వే గుర్తు కంటే ముందే అక్కడ ఏమున్నదో రాసిపెట్టుకున్న చోటల్లా వాళ్ల మాట నిలిచింది.

మన పని

మన అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. దాని నియమాల్లో పదమూడోది ప్రతి ఉపాధ్యాయుడూ చదవాలి. పట్టా కాగితం లేకపోయినా ఏవేవి సాక్ష్యమవుతాయో అందులో ఉంది. గుడిసెలు, గట్లు, చదును చేసిన నేల, బావులు, శ్మశానాలు, దేవర స్థలాలు అన్నీ సాక్ష్యాలే. అర్జీదారు కాని పెద్దలు చెప్పిన మాటను రాసుకుంటే అదీ సాక్ష్యమే. ఆకాశం నుంచి తీసిన ఫొటో మిగతా సాక్ష్యాలకు తోడుగా ఉండవచ్చు గాని, వాటి స్థానాన్ని తీసుకోకూడదని 2012 సవరణ చెప్పింది. గుర్తుపట్టగల ఆనవాళ్లతో పటం తయారుచేయాల్సింది మన గ్రామస్థాయి అటవీ హక్కుల కమిటీయే. ఉత్కియాగ్విక్ జనం ఎంతో పోరాడి సంపాదించిన పద్ధతి మనకు చట్టంలోనే రాసి ఉంది.

అయితే పెద్దలు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. వాళ్లతో పాటు వాగుల పేర్లు, గుట్టల పేర్లు, పాత ఊరి జాగాల పేర్లు పోతున్నాయి. ఏడో తరగతి పిల్లవాడు తన తాతను వెంటబెట్టుకుని ఒక రోజు పొలిమేర తిరిగితే, ప్రతి చెట్టుకూ బండకూ ఊటకూ ఉన్న పేరు నోటుబుక్కులో రాసుకుంటే, తాత ఆ పేరెందుకో చెప్పింది రెండు వాక్యాల్లో రాస్తే, అది ఒక పాఠం అవుతుంది. ఊరంతా అలాంటి నోట్లు కూర్చి ఒక పెద్ద కాగితం మీద గీస్తే పటం అవుతుంది. తేదీ వేసి, చెప్పిన పెద్దల పేర్లు రాసి, వేలిముద్రలు వేయించి గ్రామసభ తీర్మానంలో చేరిస్తే సాక్ష్యం అవుతుంది. ఇందుకు పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. మన భాషలో పేరు, తెలుగులో రాత, పిల్లల కాళ్లలో సత్తువ ఉంటే చాలు. సర్వే బృందం ఎప్పుడొచ్చినా, ఆ పటం పంచాయతీలో వాళ్లకు ముందుగా కనబడాలి.